ఐసు చేప పక్కన మా బావ

విశాఖపట్నం బీచి రోడ్డులో ఒక పెద్ద హోటల్లో మా బావ తిండి చూసి మతి పోగొట్టుకున్నాడనీ, గరిటె పట్టుకుని వదల్లేదనీ, హోటలు వాళ్ళు బయటకి తోసేస్తే గల్ఫు ఉద్యోగం కాస్తా పోయిందనీ మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. ఆ కథ చెప్పింది నేనే. సెలవు మీద వచ్చినప్పుడల్లా, నలుగురు చేరిన చోటల్లా, గొంతు మార్చి, చేతులు తిప్పి చెప్పాను. పిల్లలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవారు. అందులో హోటలు నిజం, గరిటె నిజం. మిగతాది సరిచేయడానికే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

మా బావ అంటే మా అక్క మొగుడు. సముద్రం మీద బతికే మనిషి. వేట లేని రోజుల్లో పట్నం వెళ్ళి పోర్టులో తాళ్ళ పని, బరువులు ఎత్తించే పని చేసేవాడు. మా ఊరు విశాఖపట్నానికి ఉత్తరాన, బస్సులో సగం పూట ప్రయాణం. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో భోజనాలైనా వడ్డన మా బావదే. పిలవకపోయినా వెళ్ళి తుండు నడుముకి బిగించి బకెట్టు అందుకునేవాడు.

మావైపు బంతిలో కూర్చున్నవాడు తన చేత్తో తాను వడ్డించుకోడు. ఎంత ఆకలైనా ఆకు ముందు కూర్చుని ఉండాలి. వడ్డించేవాడు వచ్చి "ఇంకాస్త" అనాలి, తినేవాడు చెయ్యి అడ్డం పెట్టాలి, ఆ చేతి సందులోంచి వాడు వెయ్యాలి. అప్పుడే తిన్నట్టు. అది లేకపోతే ఎన్ని రకాలు వండినా "పిలిచి అవమానించారు" అని చెప్పుకుంటారు. మా బావ ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. ఒకసారి ఎవరి పెళ్ళిలోనో వడ్డిస్తూ, కుర్ర వయసులో ఉన్న నేను, నాతో గొడవపడ్డ ఒకడి ఆకు దాటేసి ముందుకి వెళ్ళిపోయాను. బావ నా చేతిలోంచి గరిటె లాగేసుకున్నాడు.

"పగోడిదైనా ఆకు దాటీకూడదురా. దాటీసినావంటే ఆడు మనిసే కాదని నలుగుర్లో సెప్పీసినట్టు" అన్నాడు.

హోటలు సంగతి ఎనభైల మొదట్లో మాట. విశాఖపట్నం అటువైపు ఉక్కు కర్మాగారం కోసం నేల తవ్వుతున్నారు. ఎక్కడ చూసినా ఎర్ర దుమ్ము, లారీలు. పని కోసం ఊళ్ళకి ఊళ్ళు పట్నం దారి పట్టిన రోజులు. అప్పుడే గల్ఫులో ఎక్కడో రేవు కడుతున్న కంపెనీ ఒకటి మనుషుల్ని ఎంచుకోవడానికి విశాఖపట్నం వచ్చిందని తెలిసింది. నేను ఇంటరు చదివి ఖాళీగా ఉన్నాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను కాబట్టి స్టోర్లో పనికి పేరు రాయించుకున్నాను. బావ తాళ్ళ పనికి.

"రెండేళ్ళు ఎల్లొచ్చీసినానంటే ఇంజను పడవ కట్టీగల్నురా బావా. తెప్ప మీద ఇంకెన్నాళ్ళు తడుస్తాను" అనేవాడు. మా అక్కతో కూడా రాత్రీ పగలూ అదే మాట. పడవకి ఏ రంగు వెయ్యాలో కూడా మొగుడూ పెళ్ళాం వాదించుకున్నారు.

తెల్లారగట్ల మొదటి బస్సు పట్టుకున్నాం. బావ ఎప్పుడూ లుంగీ మనిషి. ఆ రోజుకి ఊళ్ళో మేష్టారి ప్యాంటు అడిగి తొడుక్కున్నాడు. నడుం దగ్గర వదులైతే బెల్టుకి బదులు వలతాడు కట్టుకున్నాడు. చొక్కా పైకి లేచినప్పుడల్లా ఆ తాడు కనిపించేది. బస్సులో పక్కన కూర్చుని రెండుసార్లు ఆయన చొక్కా కిందకి లాగాను.

పొద్దున్న ఒక యార్డులో పరీక్ష పెట్టారు. తెగిన ఇనుప తాడు రెండు కొసలు ఇచ్చి అతకమన్నారు. బావ కింద కూర్చుని, పాదంతో తొక్కిపట్టి, పాయలు విప్పి అల్లేశాడు. పరీక్ష చూస్తున్న ముసలి దొర ఆ తాడు లాగి చూసి బావ భుజం తట్టాడు. నా పరీక్ష మరీ తేలిక, డబ్బాల మీద రాసింది చదవడమే. ఇద్దరమూ ఎంపికయ్యాం.

కంపెనీ తరఫున అన్నీ చూస్తున్న ఆఫీసరు మమ్మల్నందర్నీ నిలబెట్టి చెప్పాడు. దొరలు దిగిన హోటల్లోనే మధ్యాహ్నం అందరికీ భోజనం. అది అయ్యాక పై అంతస్తులో పేరు పిలిచి కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు. పిలిచినప్పుడు లేనివాడి చోటు తర్వాతివాడికి పోతుంది. బయట గేటు దగ్గర ఆ తర్వాతివాళ్ళు ఎండలో నిలబడే ఉన్నారు.

హోటలు తలుపు దగ్గర తలపాగా పెట్టుకున్న నిలువెత్తు మనిషి మాకు సలాం కొట్టాడు. బావ కంగారుపడి తిరిగి సలాం కొట్టాడు. తర్వాత గుమ్మం పక్కన చెప్పులు విప్పేశాడు.

"బావా, ఇక్కడ విప్పక్కర్లేదు" అన్నాను గొణుగుతూ.

"భోజనాలకి సెప్పులతోటి ఎల్తారేట్రా?" అని నా కాళ్ళ వైపు చూశాడు. నేను విప్పలేదు.

ఆ హాల్లోకి అడుగుపెట్టిన క్షణం ఇప్పటికీ ఒంటికి గుర్తుంది. బయట ఎండ, ఉప్పుగాలి. లోపల మాఘమాసం చలి. నేల ఎంత నున్నగా ఉందంటే పైన వేలాడే దీపాల గుత్తులు కిందా వెలుగుతున్నాయి. ఒకవైపు గోడంతా అద్దమే. దాని అవతల సముద్రం, లంగరేసిన ఓడలు. రోజూ చూసే సముద్రమే, కానీ చప్పుడు లేదు. అల లేచి విరుగుతోంది, శబ్దం మాత్రం రావడం లేదు. సముద్రం నోరు మూయించగలిగిన ఇల్లు అదొక్కటే చూశాను నేను.

హాలు నడుమ, తెల్లటి గుడ్డ కప్పిన పొడవాటి బల్లల మీద తిండి. తిండి అనడానికి నోరు రాలేదు. వెండి గిన్నెల కింద చిన్న చిన్న మంటలు. మూత ఎత్తితే ఆవిరి. పుచ్చకాయ చెక్కి చేసిన బుట్టలో ద్రాక్షలు. తాబేళ్ళ ఆకారంలో రొట్టెలు. ముట్టుకోకుండానే వణుకుతున్న ఎర్రటి, ఆకుపచ్చటి ముద్దలు. సబ్బు బిళ్ళల్లా కోసి పేర్చిన పసుపుపచ్చ ముక్కలు, వాటి మధ్య చిన్న చిన్న జెండాలు. రొయ్యలు తోక పైకి పెట్టి గిన్నె అంచు చుట్టూ వరసగా, పడవ అంచున కూర్చున్న పిల్లల్లా. పొడవాటి పళ్ళెంలో ఇంత పొడుగు కోనాం చేప, తల నుంచి తోక దాకా ఒక్క ముక్క చెదరకుండా ఉడికి, నిమ్మచెక్కలు కప్పుకుని పడుకుంది.

దాని వెనకాల ఐసుతో చేసిన చేప. మనిషి ఎత్తున తోక మీద నిలబడి ఉంది. పొలుసులు కూడా చెక్కారు. దీపాల వెలుగు దాని కడుపులోంచి వస్తోంది.

బావ దాని ముందు నిలబడిపోయాడు. చాలాసేపటికి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మనం సేప కుళ్ళిపోకండా ఐసేత్తాం. ఈళ్ళు ఐసునే సేప సేసీసినార్రా. సాయంత్రానికి కరిగిపోద్దని తెలిసీ ఇలాగ సెక్కినాడంటే ఆడెవుడో మారాజు!"

ఇంతలో ఆఫీసరు పళ్ళేలు తీసుకోమన్నాడు. ఎవరికి కావలసింది వాళ్ళే వేసుకోవాలని నేను గ్రహించాను. ఆ గ్రహింపు నన్ను ఒక్కసారి పెద్దవాణ్ణి చేసినట్టనిపించింది. దొరలు ఎలా చేస్తున్నారో చూస్తూ, వాళ్ళలాగే మోచెయ్యి ఒంటికి ఆనించి, ఒక్కో మూత ఎత్తుతూ వెళ్ళాను. తియ్యనిదీ కారందీ పక్కపక్కనే వేసేసుకున్నాను. బల్ల దగ్గరికి వచ్చి మావాళ్ళతో కూర్చున్నాను. మావాళ్ళంటే ఆ రోజు ఎంపికైనవాళ్ళు. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో, ఎవరికి ఎవరూ తెలియదు. ఆఫీసరు కూడా మా బల్ల దగ్గరే కూర్చున్నాడు.

బావ రాలేదు. ఖాళీ పళ్ళెంతో చేప దగ్గరే నిలబడి ఉన్నాడు. గోడవార తెల్ల చొక్కాల హోటలు కుర్రాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు అతిథులు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. ఆ దృశ్యం ఆయనకి ఎలా కనిపించి ఉంటుందో అప్పుడు నాకు తోచలేదు. పెళ్ళివారింట్లో పిలిచిన చుట్టాలు గిన్నెలు పట్టుకుని నిలబడితే ఇంటివాళ్ళు గోడకి చేరబడి చోద్యం చూస్తున్నట్టు కనిపించి ఉంటుంది.

వరసలో ఒక ముసలి దొరసాని ముందుకొచ్చింది. రెండు చెంచాలతో కోనాం ముక్క ఎత్తబోతే జారిపోతోంది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ జారింది. బావ ఇక ఆగలేకపోయాడు. తన పళ్ళెం పక్కన పెట్టి, బల్ల మీదున్న తెల్లగుడ్డ ఒకటి తీసి నడుముకి, ఆ వలతాడు పైనే బిగించి, బల్ల అవతలి పక్కకి వెళ్ళిపోయాడు. గరిటె తీసుకుని ముక్కని ముల్లు వెంబడి విడదీసి, విరగకుండా ఎత్తి ఆవిడ పళ్ళెంలో వేశాడు.

"తినమ్మా. మొగమాటపడీకు. ఇంకో ముక్కెయ్యనా?"

ఆవిడకి తెలుగు ఏం తెలుస్తుంది? కానీ నవ్వి పళ్ళెం ఇంకాస్త ముందుకి చాచింది. వెనకాల ఉన్నాయన కూడా చాచాడు. ఆ వెనకాల ఇద్దరు చిన్నపిల్లలు.

"నీకు ముల్లు నేని ముక్క ఎడతాను ఆగు. నువ్వేటమ్మా అలాగ సిక్కిపోనావు? రొయ్యలు తిను."

చూస్తూండగా వరస మారిపోయింది. ఎవరికి వాళ్ళు వేసుకుంటున్నవాళ్ళంతా వచ్చి మా బావ ముందు నిలబడ్డారు. ఆయన బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతున్నాడు. చేప అందినవాళ్ళకి అన్నం, అన్నం అందినవాళ్ళకి కూర. ఎవరో చెయ్యి అడ్డం పెడితే ఆ సందులోంచి వేశాడు, ఆ మనిషి పకపకా నవ్వాడు. ఆ చల్లటి నిశ్శబ్దపు హాల్లో మొట్టమొదటిసారి నవ్వులు వినిపించాయి. ఆయన వెనకాల ఐసు చేప వెలుగుతోంది. ఎన్నో చూశాను ఆ తర్వాత, ఎడారిలో కట్టిన మేడలు కూడా చూశాను. ఆ నిమిషం చూసినంత గొప్ప దృశ్యం మళ్ళీ చూడలేదు. ఇది నేను కథ చెప్పినప్పుడు ఎన్నడూ చెప్పని మాట.

నల్లకోటు మేనేజరు హడావుడిగా మా బల్ల దగ్గరికి వచ్చాడు. వంగి ఆఫీసరు చెవిలో ఏదో అన్నాడు. ఆఫీసరు తల తిప్పి చూశాడు. బావ అటు తిరిగి ఉన్నాడు, నడుముకి తెల్లగుడ్డ, కాళ్ళకి చెప్పుల్లేవు.

"అతను మీలో వాడేనా? ఎవరికైనా తెలుసా?" అని ఆఫీసరు మమ్మల్ని అడిగాడు. గొంతులో కోపం లేదు. మామూలుగానే అడిగాడు.

మిగతావాళ్ళు తలలు అడ్డంగా ఊపారు. వాళ్ళకి నిజంగానే తెలియదు. ఆఫీసరు చూపు నా మీద ఆగింది. నా నోటినిండా తిండి ఉంది. నేను గబగబా మింగి, "తెలీదు సార్" అన్నాను.

ఎందుకన్నానో ఎన్నిసార్లు ఆలోచించుకున్నానో. భయమని కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. భయం కాదు. ఆ నేల, ఆ దీపాలు, ఆ చలి నన్ను అప్పుడే తమలో కలుపుకున్నాయనిపించింది. వలతాడు కట్టుకున్న మనిషిని చూపించి నా బావ అంటే అవన్నీ నన్ను కిందకి దించేస్తాయనిపించింది. అంతే.

హోటలు కుర్రాడొకడు వెళ్ళి బావకి వంటగది తలుపు చూపించాడు. బావ ఖాళీ అయిన రొయ్యల గిన్నె చంకన పెట్టుకుని, నవ్వుకుంటూ, వాడి కంటే ముందు నడిచాడు. మళ్ళీ నింపుకు రమ్మంటున్నారనుకున్నాడు. ఆ తలుపు మూసుకుంది. నేను తియ్యటి ముద్ద ఇంకొకటి తెచ్చుకుని తిన్నాను.

పై అంతస్తులో పేర్లు పిలిచారు. బావ పేరు పిలిచినప్పుడు ముసలి దొర తలెత్తి గది అంతా వెతికాడు, తాడు అల్లినవాణ్ణి గుర్తుపట్టాలని. మళ్ళీ పిలిచారు. అప్పుడైనా లేచి "కిందే ఉన్నాడు, తీసుకొస్తాను" అనొచ్చు. అంటే, ఇందాక తెలియదన్నవాణ్ణి ఇప్పుడు ఎలా ఎరుగుదువని అడుగుతారు. కూర్చుండిపోయాను. గేటు దగ్గరున్నవాళ్ళలో ఒకణ్ణి పిలుచుకొచ్చారు. తర్వాత నా పేరు పిలిస్తే వెళ్ళి సంతకం పెట్టాను.

కిందకి వస్తే తలపాగా మనిషి పూలకుండీ వెనక నుంచి ఒక జత చెప్పులు తీసి చూపించాడు.

"ఇవి మీవాళ్ళవేనా?"

"అవును" అన్నాను. ఆ మాట అక్కడ ఎంత తేలిగ్గా వచ్చిందో.

బావ రోడ్డు అవతల, ఇసుకలో ఒక పడవ పక్కన ఒంటికాలు మార్చి ఒంటికాలు మీద నిలబడి ఉన్నాడు. ఇసుక కాలిపోతోంది. నా చేతిలో చెప్పులు చూసి మొహం వెలిగింది.

"తెచ్చీసినావేటి, బతికించినావురా బావా! ఆళ్ళు వంటసాల్లోంచి ఎనక గేటుకి తీసికెళ్ళి తలుపేసీసినారు. ముందుకొస్తే గేటుకాడ గూర్ఖా రానియ్యడు. నా పేరు పిలిసినారేటి?"

"లేదు బావా" అన్నాను. "ఖాళీలు ముందే అయిపోయాయట."

ఆయన కాసేపు ఓడల వైపు చూశాడు. "ఆ దొర భుజం తట్టినాడే మరి?" అన్నాడు. ఇసుక దులుపుకుని చెప్పులు తొడుక్కున్నాడు. బండి దగ్గర మరమరాల మురీ మిక్చరు పొట్లం కొన్నాను. పొద్దుటి నుంచి ఆయన ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. అంతమందికి పెట్టి ఒక్క రొయ్య నోట్లో వేసుకోలేదు. అందరూ తిన్నాక కదా వడ్డించినవాళ్ళు తినేది.

బస్సులో మురీలు నములుతూ, "ఎలాగుందిరా తిండి? ఆ వొణికీదేటి, తిన్నావా?" అని అడిగాడు. ఒక్కొక్కటీ వర్ణించి చెప్పాను. చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని విన్నాడు.

నేను వెళ్ళాను, కొన్నేళ్ళు ఉండి వస్తూ పోతూ గడిపాను. ఊళ్ళో అందరూ బావకి ఎందుకు రాలేదని అడిగేవారు. జవాబు కావలసి వచ్చి కథ కట్టాను. తిండికి ఆయన బెదిరిపోయినట్టు, వెర్రెత్తినట్టు. కథ బాగా పండింది. నవ్వించడానికి కట్టిందే అనుకుని బావ కూడా నవ్వేవాడు. "ఆ ముసిలావిడ రెండోసారి కూడా వొచ్చింది, అది సెప్పవేట్రా" అని అందించేవాడు. మా అక్క మాత్రం ఆ కథ మొదలవగానే లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఇంజను పడవ మాట ఆ ఇంట్లో మరి వినిపించలేదు. బావ తెప్ప మీదే తడిశాడు. తడిసి తడిసి ఒక చెవి వినికిడి తగ్గింది.

ఎనభైల చివర్లో వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళికి సెలవు పెట్టి వచ్చాను. పెళ్ళి మర్నాడు చేపల భోజనం. పొద్దున్నే పాకలో బావ గోనెపట్టాలో ఐసు దిమ్మ చుట్టి, రోకలితో పగలగొట్టి, కోనాం చేపల మీద పరుస్తున్నాడు. నేను పక్కన కూర్చుని ముక్కలు అందిస్తున్నాను. పెద్ద ఐసు ముక్క ఒకటి వెలుతురుకి ఎత్తి చూసి, "ఆ రోజు అదెలాగ నిలబెట్టినారంటావు?" అన్నాడు.

అన్నేళ్ళ తర్వాత కూడా ఆయనకి మిగిలింది ఆ ఆశ్చర్యమే. నేనిక ఆగలేకపోయాను. చెప్పేశాను. ఆయన వినే చెవి వైపుకి జరిగి, ఆఫీసరు అడిగిందీ, నేను తెలీదన్నదీ, పైన ఆయన పేరు పిలిచిందీ, ముసలి దొర వెతికిందీ, అన్నీ.

రోకలి ఆగింది. "పిలిసినారేటి?" అన్నాడు.

"పిలిచారు బావా. రెండుసార్లు."

మళ్ళీ రోకలి ఎత్తి పగలగొట్టడం మొదలుపెట్టాడు. దిమ్మ అంతా పొడి అయ్యేదాకా ఆపలేదు. తర్వాత లేచి, నా వైపు చూడకుండా గంగాళాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బంతి వేశారు. ఆడపిల్ల తండ్రివి, కూర్చోమని ఎవరు చెప్పినా వినకుండా బావే బకెట్టు పట్టాడు. నేను వరస మధ్యలో కూర్చున్నాను. అన్నం వేరేవాళ్ళు వేసుకుంటూ పోయారు. చేపల పులుసు బావ తెస్తున్నాడు. ఒక్కో ఆకు దగ్గర వంగి, తల ముక్క ఎవరికిష్టమో, తోక ముక్క ఎవరికో మాటల్లో పెట్టి వేస్తున్నాడు. నా పక్కవాడికి వేశాడు. నా ఆకు దగ్గరికి వచ్చి ఆగాడు. గరిటె బకెట్టులోనే ఉంది.

నేను అన్నం వైపే చూస్తున్నాను. దాటేస్తాడనుకున్నాను. దాటేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఏటి బావా" అన్నాడు, బంతి అంతా వినేటట్టు. "నానెవుడో నీకు తెలుసేటి?"

చుట్టాలందరూ మావైపు తిరిగారు. తలెత్తాను. ఆయన నవ్వడం లేదు. బకెట్టు బరువుకి భుజం ఒక పక్కకి వంగి ఉంది, అయినా కింద పెట్టలేదు. జవాబు కోసం నిలబడే ఉన్నాడు.

"తెలుసు" అన్నాను. అది ఆయన చెవికి అందలేదో ఏమో, అలాగే చూస్తున్నాడు. ఈసారి గట్టిగా అన్నాను. "తెలుసు. మా బావవి. మా అక్క మొగుడివి."

గరిటె పైకి లేచింది. పులుసు, ఒక నడిముక్క నా ఆకులో పడ్డాయి. చెయ్యి అడ్డం పెట్టే హక్కు నాకు లేదని అడ్డం పెట్టలేదు. ఆయన ఒక్క క్షణం ఆగి, "అడ్డెట్టవేట్రా?" అన్నాడు. చెయ్యి పెట్టాను. వేళ్ళ సందులోంచి ఇంకో ముక్క వేసి తర్వాతి ఆకు దగ్గరికి వెళ్ళిపోయాడు.

బంతిలో వాళ్ళంతా గొల్లున నవ్వారు. హోటలు కథకి మేమిద్దరం కలిసి కొత్త ముక్క ఏదో తగిలించామనుకున్నారు. "మళ్ళీ మొదట్నించి సెప్పరా" అని ఎవరో అన్నారు కూడా. గుమ్మంలో నిలబడ్డ మా అక్క ఒక్కతే నవ్వలేదు. కానీ ఈసారి లోపలికి వెళ్ళిపోలేదు.

ఆ రోజు కూడా అసలు జరిగింది నేను వాళ్ళకి చెప్పలేదు. నోట్లో అన్నం ఉంది.